నొప్పి తగ్గించే చికిత్సా, సత్తువ పెంచే చికిత్సా: ఫిజియోథెరపీ పద్ధతుల్లో ఎంపిక

నడుము పట్టేసినా, మోకాలు వాచినా, భుజం పైకి లేవకపోయినా ఫిజియోథెరపీకి వెళ్ళమని చెప్పేవారు చాలామందే ఉంటారు గాని, ఆ ఒక్క మాట కింద ఎన్ని వేర్వేరు చికిత్సలు ఉన్నాయో వివరించేవారు తక్కువ. ఒక చోట చేతులతో కీలును కదిలిస్తారు, మరొక చోట కరెంటు పెడతారు, ఇంకొక చోట సూదులు గుచ్చుతారు, వేరొక చోట ఏ యంత్రమూ ముట్టుకోకుండా వ్యాయామాలు నేర్పి పంపుతారు. ఇవన్నీ ఒకే పనికి ఉన్న నాలుగు దారులని అనుకోవడం వల్లనే ఎంపికలో పొరపాటు మొదలవుతుంది. వీటిలో కొన్ని ఈ పూటకు నొప్పిని తగ్గిస్తాయి. కొన్ని ఆ కండరమో కీలో రేపు మోయగలిగే బరువును పెంచుతాయి. ఈ రెండు పనులనూ వేరుచేసి, తనకు ఇప్పుడు ఏది ఎంత మేరకు అవసరమో చూసుకున్నవారికి దారి తేలికవుతుంది. కలిపేసుకున్నవారు నెలల తరబడి బల్ల మీద పడుకుని వచ్చినా మెట్లు ఎక్కలేకపోతారు.

పద్ధతి కంటే ముందు తేలవలసినవి

కొన్ని నొప్పుల విషయంలో ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్నే తలెత్తకూడదు. నడుము నొప్పితో పాటు మూత్రం ఆగిపోవడం లేదా అదుపు తప్పడం, మలద్వారం చుట్టూ, తొడల లోపలి వైపు స్పర్శ మొద్దుబారడం, రెండు కాళ్ళలోనూ బలం తగ్గుతూ పోవడం కనిపిస్తే వెన్నుపాము కింది కొసన ఉండే నరాల కట్ట నలిగిపోతోందని అనుమానించాలి. ఆసుపత్రికి వెళ్ళడానికి మరునాటి దాకా ఆగకూడని స్థితి అది. జ్వరం, కారణం తెలియకుండా బరువు తగ్గడం, గతంలో క్యాన్సర్ వచ్చి ఉండటం, ఎటు తిరిగి పడుకున్నా ఊరట ఇవ్వని రాత్రి నొప్పి, ఎముకలు గుల్లబారిన వయసులో జారిపడటం వంటివి ఉన్నప్పుడు కూడా ముందు వైద్యపరీక్ష జరగాలి, ఆ తరువాతే ఫిజియోథెరపీ. పిక్క ఉన్నట్టుండి వాచి, వేడెక్కి నొప్పి పెడుతుంటే కండరం పట్టేసిందనుకుని మర్దన చేయించుకోవడం ప్రమాదం, ఎందుకంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు.

చీలమండ బెణికినప్పుడు ఎక్స్-రే అవసరమా అన్న సందేహానికి 1992లో కెనడాలోని ఒట్టావాలో రూపొందిన నియమాలు మంచి ఆధారం. చీలమండకు రెండు వైపులా ఉబికి కనిపించే ఎముకల కొనన గాని, వాటి వెనుక అంచున 6 సెంటీమీటర్ల మేర గాని, పాదం మధ్యలో లోపలి వైపు గాని, చిటికెన వేలి వైపున పాదపు ఎముక మొదట్లో గాని నొక్కితే నొప్పి ఉన్నా, దెబ్బ తగిలిన వెంటనేనూ పరీక్ష వేళలోనూ నాలుగడుగులు వేయలేకపోయినా ఎక్స్-రే తీయించాలి. ఇవేవీ లేని పెద్దవారిలో ఎముక విరిగి ఉండే అవకాశం చాలా తక్కువ కనుక, ఫిల్ము కోసం ఆగకుండా కదలిక మొదలుపెట్టవచ్చు.

ఎమ్మారై సంగతి దీనికి తలకిందులు. అక్కడ ఏమీ కనిపించకపోవడమే అరుదు. నడుము నొప్పి లేని 3110 మంది స్కాన్లను పరిశీలించి 2015లో ప్రచురించిన ఒక సమీక్షలో, వెన్నుపూసల మధ్య మెత్తగా ఉండే డిస్కు అరుగుదల 20 ఏళ్ళ వారిలో 37 శాతం మందికి, 80 ఏళ్ళ వారిలో 96 శాతం మందికి కనిపించింది. అరుగుదల, ఉబ్బు అన్న మాటలు రిపోర్టులో చదివి భయపడి, ఆ డిస్కును సరిచేస్తుందని చెప్పిన చికిత్సను ఎంచుకోవడం సరైన పద్ధతి కాదు. కాలులో బలం తగ్గడం, నరం దారి వెంట దిగే నొప్పి వంటి పరీక్షలో దొరికే గుర్తులతో స్కాను ఏకీభవించినప్పుడే దానికి బరువు ఇవ్వాలి.

వ్యాయామాల్లోనూ ఎంపిక ఉంది

దీర్ఘకాలపు నొప్పుల్లో ఎక్కువ ఆధారం ఉన్నది వ్యాయామానికేనన్న విషయంలో పెద్ద వైద్య మార్గదర్శకాల మధ్య పేచీ లేదు. పేచీ అంతా ఏ వ్యాయామం అన్న దగ్గర వస్తుంది. దీర్ఘకాలపు నడుము నొప్పికి పొట్ట, నడుము చుట్టూ ఉండే కోర్ కండరాల వ్యాయామాలు, పిలాటీస్, యోగా, బరువులతో చేసేవి, నడక అన్నీ కొంతమేరకు పనిచేస్తాయి, వాటి మధ్య తేడా మాత్రం వాటి ప్రచారం చెప్పినంత పెద్దది కాదు. అందుచేత ఈ ఒక్క సందర్భంలో ఎంపికకు నేను పెట్టే కొలమానం చాలా సాదాసీదాది: మూడు నెలల తరువాత కూడా మీరు మానకుండా చేసేది ఏది? నేల మీద పడుకుని చేసేవి విసుగనిపించే మనిషికి ఎంత శాస్త్రీయమైన కోర్ వ్యాయామం రాసిచ్చినా రెండో వారానికి ఆగిపోతుంది. అదే మనిషి రోజూ నడవగలిగితే నడకే అతనికి మేలైన చికిత్స.

అయితే కొన్ని చోట్ల రకం కూడా ముఖ్యమే. నడుము నుంచి కాలికి దిగే నొప్పి ఒక దిశలో పదేపదే వంగినప్పుడు పాదం నుంచి పిక్కకు, పిక్క నుంచి తొడకు, అక్కడి నుంచి నడుముకు వెనక్కి వస్తుంటే, ఆ దిశలో చేసే వ్యాయామం ఆ మనిషికి సరిపోతుందని గుర్తు. న్యూజిలాండ్‌కు చెందిన ఫిజియోథెరపిస్ట్ రాబిన్ మెకెంజీ 1956లో ఒక రోగి అనుకోకుండా తలవైపు ఎత్తుగా ఉన్న బల్ల మీద బోర్లా పడుకుని వెన్ను వెనక్కి వంగిన స్థితిలో ఉండిపోగా అతని కాలి నొప్పి తగ్గడం గమనించి, తరువాత దీన్ని ఒక పద్ధతిగా పెంచాడు. దాని వల్ల అందరూ వెనక్కే వంగాలన్న అపోహ ఏర్పడింది. నిజానికి ఏ దిశ అన్నది పరీక్షలో తేలాలి. వెనక్కి వంగినకొద్దీ నొప్పి పాదంలోకి దిగుతుంటే ఆ వ్యాయామం ఎంత పేరున్నదైనా ఆపేయవలసిందే. నిలబడినా నడిచినా కాళ్ళు లాగి, కూర్చుని ముందుకు వంగితే తగ్గే వృద్ధులకు సాధారణంగా ముందుకు వంగే దిశే అనుకూలిస్తుంది.

కండరాన్ని ఎముకతో కలిపే టెండన్ నొప్పిలో, అంటే మడమ వెనుక, మోకాలి చిప్ప కింద, మోచేతి బయటి వైపు వచ్చే నొప్పుల్లో, సాగదీసే వ్యాయామాలకూ బరువు మోయించే వ్యాయామాలకూ మధ్య ఎంపిక చేసుకోవలసి వస్తే బరువు వైపే మొగ్గాలి. స్వీడన్ వైద్యుడు హోకన్ ఆల్ఫ్రెడ్సన్ 1998లో ప్రచురించిన పద్ధతిలో మెట్టు అంచున నిలబడి మడమను నెమ్మదిగా కిందికి దించడాన్ని, మోకాలు చాచి 15 సార్లు చొప్పున మూడు విడతలు, మోకాలు కాస్త వంచి మూడు విడతలు, రోజుకు రెండు పూటలు, 12 వారాలు చేయించారు. రోజుకు 180 సార్లన్న మాట. అంత ఓపిక అందరికీ ఉండదు. అదృష్టవశాత్తు ఎక్కువ బరువుతో, నెమ్మదిగా, వారానికి మూడు సార్లే చేసే పద్ధతి కూడా మడమ టెండన్ విషయంలో సమానమైన ఫలితమే ఇచ్చినట్టు 2015లో డెన్మార్క్ పరిశోధకులు చూపించారు. ఇంట్లో పరికరాలేవీ లేనివారికి మొదటిది, వ్యాయామశాలకు వెళ్ళే అలవాటు ఉన్నవారికి రెండోది నప్పుతుంది.

ఇక్కడ రోగులు అడిగే ప్రశ్న ఒకటే: చేస్తుంటే నొప్పి వస్తోంది, ఆపేయాలా? టెండన్ నొప్పిలో సున్నా నుంచి పది వరకు ఉన్న కొలతలో ఐదు దాటని నొప్పి, మరునాటి ఉదయానికి మునుపటి స్థితికి చేరేదైతే దాన్ని భరించి కొనసాగించవచ్చు. మరునాడు పొద్దున లేవగానే మొదటి అడుగులు మునుపటి కంటే కష్టమైతే ముందు రోజు బరువు ఎక్కువైందని అర్థం. వ్యాయామాన్ని మానేయకుండా దాని మోతాదు తగ్గించాలి. ఈ తేడా చెప్పని చోట రోగులు రెండే పనులు చేస్తారు: భయపడి మానేస్తారు, లేదా పట్టుదలకు పోయి గాయాన్ని పెంచుకుంటారు.

చేతులతో చేసేవి, యంత్రాలతో చేసేవి

కీళ్ళను మెల్లగా కదిలించడం, ఒక్క ఉదుటున కదిపి చప్పుడు వచ్చేలా చేయడం, మర్దన చేయడం చేతి చికిత్సలు. ఆ చప్పుడు విన్నాక పక్కకు జరిగిన ఎముక సర్దుకుందని చాలామంది సంతోషిస్తారు. వేలి మెటికలు విరిచినప్పుడు వచ్చే చప్పుడు ఏ రకందో ఇదీ ఆ రకందే, కీలు లోపలి ద్రవంలో వాయువుకు సంబంధించినది. ఎముక ఎక్కడికీ జరగలేదు, ఎక్కడి నుంచీ రాలేదు. నొప్పి తగ్గేది కండరాల బిగువు, నరాల స్పందన కాసేపు సడలడం వల్ల. అది అసత్యమైన ఉపశమనం కాదు, అయితే గంటలు, రోజులు నిలిచేదే గాని నెలలు నిలిచేది కాదు. మెడ కదలని మనిషికి చేతి చికిత్స చేసి, ఆ వదులు ఉన్న అరగంటలోనే మెడ తిప్పే వ్యాయామం చేయిస్తే దాని విలువ పూర్తిగా దక్కుతుంది. మెడను ఉదుటున తిప్పే పద్ధతిలో మెదడుకు వెళ్ళే రక్తనాళం చీలే అపాయం చాలా అరుదైనా ఉన్నది కనుక, మెల్లగా కదిలించే పద్ధతి దొరికే చోట దాన్ని ఎంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం.

కరెంటు పెట్టడం అని మనం వాడే మాటలో, చర్మం మీద అంటించిన పట్టీల ద్వారా తేలికపాటి కరెంటు పంపే టెన్స్, ఐ.ఎఫ్.టి. రెండూ కలిసిపోతాయి, చర్మం మీద జెల్ రాసి తిప్పే అల్ట్రాసౌండ్ వేరు. టెన్స్ వెనుక ఉన్న ఆలోచన 1965లో రోనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ ప్రతిపాదించిన గేటు సిద్ధాంతం: స్పర్శను మోసే నరాలను ఉత్తేజపరిస్తే వెన్నుపాములో నొప్పి సంకేతానికి దారి ఇరుకవుతుంది. దెబ్బ తగిలిన చోట చేత్తో రుద్దుకోవడం వెనుక ఉన్నదీ ఇదే తర్కం. కాబట్టి యంత్రం నడుస్తున్నంత సేపు, ఆ తరువాత కొద్దిసేపు నొప్పి తగ్గడం సహజం. దాని వల్ల కండరానికి బలం గాని కీలుకు ఓర్పు గాని రావు. ఇక అల్ట్రాసౌండ్‌కు దశాబ్దాల వాడుక ఉన్నా దానికి తగిన ఆధారం సమకూరలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులో పెద్దవారి దీర్ఘకాలపు నడుము నొప్పికి విడుదల చేసిన మార్గదర్శకాలు వ్యాయామాన్ని, అవగాహన కల్పించడాన్ని, వెన్నుకు చేతి చికిత్సను, మర్దనను సూచించి, టెన్స్, అల్ట్రాసౌండ్, వెన్నును లాగి పట్టే ట్రాక్షన్, నడుము బెల్టులను మామూలు చికిత్సలో భాగంగా వాడవద్దన్నాయి. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రూపొందించే నైస్ సంస్థ 2016లో చెప్పింది కూడా దీనికి దగ్గరగానే ఉంది. చేతి చికిత్సనైతే వ్యాయామంతో కలిపినప్పుడే ఇవ్వాలని ఒక మెలిక పెట్టింది. సూదుల దగ్గర ఈ రెండు సంస్థలూ విడిపోయాయి: మొదటిది షరతులతో ఒప్పుకుంది, రెండోది వద్దంది. నిపుణులే తేల్చుకోలేని చోట రోగి తన ఇష్టాన్ని లెక్కలోకి తీసుకోవడం తప్పు కాదు, కాకపోతే ఛాతీ, భుజం పైభాగాల్లో డ్రై నీడ్లింగ్ (మందు లేని సూదిని కండరంలోకి గుచ్చడం) చేయించుకునేటప్పుడు సూది ఊపిరితిత్తి పొరను తాకే ప్రమాదం ఉందని తెలిసి, శరీర నిర్మాణం క్షుణ్ణంగా తెలిసిన మనిషి చేత మాత్రమే చేయించుకోవాలి.

నొప్పి ఉన్న చోటికి బయటి నుంచి బలమైన శబ్ద తరంగాలు పంపే షాక్‌వేవ్‌ను మాత్రం మిగిలిన యంత్రాలతో ఒకే గాటన కట్టలేము. నెలల తరబడి తగ్గని మడమ కింది నొప్పిలోనూ, భుజం టెండన్‌లో సున్నం పేరుకున్నప్పుడూ దానికి కొంత ఆధారం ఉంది. వారానికి ఒకటి చొప్పున మూడు నుంచి ఐదు సార్లు ఇస్తారు. వ్యాయామం మూడు నెలలు సరిగ్గా చేసినా మారని వారికి అది రెండో మెట్టు. మొదటి రోజునే అది సిఫారసు చేసేవారిని కారణం అడగాలి. పేస్‌మేకర్ ఉన్నవారు కరెంటు చికిత్సలను వైద్యుని అనుమతి లేకుండా తీసుకోకూడదు.

వేడి, చలువ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. 1978లో విశ్రాంతి, ఐసు, కట్టు, ఎత్తులో ఉంచడం అన్న నాలుగింటి సూత్రాన్ని ప్రచారం చేసిన అమెరికన్ వైద్యుడు గేబ్ మిర్కిన్ స్వయంగా తరువాతి కాలంలో ఐసు వల్ల గాయం మానడం ఆలస్యం కావచ్చని రాశాడు. తాజా దెబ్బకు మొదటి రోజు పది పదిహేను నిమిషాల ఐసు నొప్పికి మేలు చేస్తుంది, పాత బిగువుకు వేడి కాపడం హాయినిస్తుంది. స్పర్శ తెలియని చర్మం మీద, ముఖ్యంగా మధుమేహం వల్ల పాదాలు మొద్దుబారిన వారికి, రెండూ ప్రమాదమే. రంగురంగుల టేపు ఆటకు దిగే గంటకు ధైర్యాన్నిస్తే వాడవచ్చు, అంతకు మించి దాని నుంచి ఆశించకూడదు. చీలమండ బెణికిన వారు తిరిగి ఆటలోకి వెళ్ళేటప్పుడు వేసుకునే పట్టీ మాత్రం మళ్ళీ బెణకడాన్ని నిజంగానే తగ్గిస్తుంది.

ఇంజెక్షన్, శస్త్రచికిత్సలతో పోల్చినప్పుడు

అసలు చిక్కు ఎంపిక చాలామందికి ఇక్కడ ఎదురవుతుంది. మోచేతి బయటి వైపు నొప్పి, అంటే టెన్నిస్ ఎల్బో విషయంలో 2006లో ఆస్ట్రేలియాలో జరిగిన అధ్యయనం 198 మందిని మూడు జట్లుగా చేసి స్టెరాయిడ్ ఇంజెక్షన్‌ను, ఫిజియోథెరపీని, ఏమీ చేయకుండా వేచి ఉండటాన్ని పోల్చింది. ఆరో వారంలో ఇంజెక్షన్ తీసుకున్నవారే అందరికన్నా బాగున్నారు. ఏడాది గడిచేసరికి వారే వెనుకబడ్డారు, తగ్గిన నొప్పి చాలామందికి తిరగబెట్టింది. ఫిజియోథెరపీ చేసినవారికీ వేచి ఉన్నవారికీ ఏడాది చివర పెద్ద తేడా లేదు గాని, మధ్యలోని నెలలు ఫిజియోథెరపీ జట్టుకు సులభంగా గడిచాయి. దీన్నిబట్టి ఇంజెక్షన్ చెడ్డదని తీర్మానించడం కూడా తొందరపాటే. భుజం బిగుసుకుపోయే జబ్బు తొలి దశలో, రాత్రి నిద్ర పట్టనంత నొప్పి ఉన్నప్పుడు, కీలులోకి ఇచ్చే అదే స్టెరాయిడ్ ఉపయోగపడుతుంది. ఆ దశలో చేతిని బలవంతంగా పైకెత్తించే ఫిజియోథెరపీయే నొప్పిని పెంచుతుంది. నొప్పి సద్దుమణిగి బిగువు మాత్రమే మిగిలిన తరువాత గట్టిగా సాగదీయించడానికి వేళ వస్తుంది. మందు ఒకటే, చోటు మారితే తీర్పు మారుతుంది.

మోకాలి అరుగుదలలో లెక్క మళ్ళీ ఫిజియోథెరపీ వైపు తిరుగుతుంది. 2020లో అమెరికాలో 156 మందితో జరిగిన పరిశోధనలో ఏడాది చివర ఫిజియోథెరపీ జట్టుకు స్టెరాయిడ్ ఇంజెక్షన్ జట్టు కంటే నొప్పీ, ఇబ్బందీ తక్కువగా ఉన్నాయి. డెన్మార్క్‌లో 2013లో మొదలై అనేక దేశాలకు పాకిన గ్లాడ్ కార్యక్రమంలో ఇచ్చేది అవగాహన తరగతులు, వాటితో పాటు ఆరు వారాల్లో పన్నెండు సార్లు శిక్షకుని ఎదుట చేసే వ్యాయామం. అందులో యంత్రమేదీ లేదు. వయసుతో పాటు మోకాలి మెనిస్కస్ (కీలు లోపల మెత్తగా ఉండే మృదులాస్థి) చిరిగిన వారికి చిన్న రంధ్రాల ద్వారా చేసే దుర్బిణి శస్త్రచికిత్స, లోపల చూసి చికిత్స చేసినట్టు నటించి ఊరుకున్న ఉత్తుత్తి శస్త్రచికిత్స కంటే ఏడాది తరువాత మేలుగా లేదని 2013లో ఫిన్లాండ్ వైద్యులు చూపించారు. మోకాలు ఒక చోట ఇరుక్కుపోయి కదలకపోతే అది వేరే కథ, అప్పుడు శస్త్రవైద్యుణ్ణి కలవాలి.

ఆటలో ముందరి క్రూసియేట్ లిగమెంట్ (మోకాలి లోపల ఎముకలను కలిపి పట్టే పట్టీ) తెగిన యువకుల సంగతి మరింత ఆలోచించదగినది. 2010లో వెలువడిన స్వీడన్ అధ్యయనంలో 121 మందిలో సగం మందికి వెంటనే శస్త్రచికిత్స చేసి వ్యాయామం నేర్పారు. మిగతా సగానికి వ్యాయామమే మొదలుపెట్టి, మోకాలు నిలవకపోతేనే శస్త్రచికిత్స అన్నారు. రెండో జట్టులోని 59 మందిలో ఐదేళ్ళ నాటికి 30 మందికి ఆ అవసరం పడింది, మిగతావారికి పడలేదు, రెండు జట్ల మోకాళ్ళ స్థితి మాత్రం దాదాపు సమానంగానే ఉంది. దీన్ని సగం గ్లాసులా ఎటువైపు నుంచైనా చదవవచ్చు. ఒక్కసారిగా దిశ మార్చి పరుగెత్తే ఆటలే వృత్తిగా ఉన్నవారికి తొలి దారి, దిశ మార్చకుండా నేరుగా పరుగెత్తడం, సైకిలు, రోజువారీ పని చాలనుకునేవారికి రెండో దారి సమంజసం. మెట్లు దిగుతుంటే మోకాలు జారిపోతున్న భావన పదేపదే వస్తుంటే మాత్రం ఇక వేచి చూడకూడదు. ప్రతి జారుడూ మెనిస్కస్‌కు కొత్త దెబ్బే.

ఎవరి దగ్గర, ఎన్ని రోజులు

ఇంట్లో ఒంటరిగా చేసుకోవడం, శిక్షకుని ఎదుట చేయడం, వీడియో ద్వారా సలహా తీసుకోవడం అన్న మూడింటిలో కదలిక సరిగా వస్తోందో లేదో తెలియనివారికి మొదటి మూడు నాలుగు సార్లు ఎదురుగా ఉండి చేయించే మనిషి అవసరం. శస్త్రచికిత్స తరువాత వంపు, బలం కొలవవలసిన వారానికి కూడా వీడియో చాలదు. మిగిలిన చాలా సందర్భాల్లో వారానికోసారి చూపించుకుని, నడుమ ఇంట్లో చేసుకోవడం సరిపోతుంది.

మొదటి రోజున ఫిజియోథెరపిస్ట్ ఎంతసేపు మాట్లాడారు, ఎంతసేపు పరీక్షించారు అన్నది ఆ గదిలోని యంత్రాల సంఖ్య కంటే ఎక్కువ చెబుతుంది. నడిపించి, కూర్చోబెట్టి లేపి, ఒంటికాలి మీద నిలబెట్టి చూడకుండానే పదిహేను రోజుల కరెంటుకు పేరు రాసుకునే చోటు నుంచి మర్యాదగా బయటికి రావచ్చు. మెరుగుదలను ఎలా కొలుస్తారో అడగండి: కుర్చీలోంచి ముప్పై సెకన్లలో ఎన్నిసార్లు లేవగలుగుతున్నారు, ఆగకుండా ఎంత దూరం నడవగలుగుతున్నారు, చేయి ఎంత పైకి లేస్తోంది అన్న అంకెలు మొదటి రోజే రాసి ఉంచాలి. అవి నాలుగు నుంచి ఆరు వారాలకు కదలకపోతే పద్ధతినో, రోగనిర్ధారణనో మార్చుకోవాలి గాని, అదే చికిత్సకు మరో పది రోజులు కలపకూడదు. కండరపు చిన్న చీలిక రెండు మూడు వారాల్లో మానవచ్చు. టెండన్‌కు మూడు నెలలు తక్కువ. లిగమెంట్ తిరిగి వేసుకున్న మోకాలు ఆటకు సిద్ధం కావడానికి తొమ్మిది నెలలు, తరచుగా అంతకంటే ఎక్కువే పడుతుంది. మీకు చెప్పిన గడువు వీటికి మరీ దూరంగా ఉంటే, ఎటువైపున్నా, ఎందుకో అడిగి తెలుసుకోండి.